పాలకుని మాట – ప్రజల ప్రమాణము

చిన్ననాట నాకు అన్నము పెట్టి వేదము చెప్పిన గురుదేవులను స్మరించి ప్రారంభించుచున్నాను.

సత్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని ఈ దేవాలయ ధర్మకర్తలు కోరినారు. ఇట్టి సభలలో సత్యమనగానే హరిశ్చంద్రుని కథ చెప్పుట పరిపాటి. నేనును అనేక పర్యాయములు చెప్పినవాడనే. ఈ సాయంకాలము ఆ కథ జోలికి పోను. హరిశ్చంద్రుడు రాజ్యము పోగొట్టుకొని సత్యమును నిలుపుకొనినాడు. నేడు మనము విచారింపవలసినది సత్యమును పోగొట్టుకొని రాజ్యము సంపాదించువారి సంగతి, వారికి ఆ రాజ్యమును చేతికందించుచున్న మన సంగతి. ఈ విచారము నా అంతట నాకు కలిగినది కాదు. ఒక ముసలమ్మ తెచ్చి నా ముందు పెట్టినది.

2023 నవంబరు 30వ తేదీన మన రాష్ట్రమున శాసనసభ ఎన్నికలు జరిగినవి గదా. అవి ముగిసిన పది పదిహేను దినములకు, తుంగతుర్తి చుట్టుపట్ల ఒక పల్లె నుండి ఒక అవ్వ నా వద్దకు వచ్చినది. అభిషేకమునకో, ముహూర్తమునకో వచ్చినదనుకొన్నాను. ఆమె అరుగు క్రిందనే నిలిచి, "అయ్యగారూ, ఓట్లప్పుడు ఇద్దరి దగ్గర పైసలు తీసుకున్న. ఇద్దరూ నర్సింహస్వామి పటం మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నరు. ఓటు ఒక్కటేనాయె. ఒకరికే వేసిన. ఇప్పుడు మనుమనికి జరం తగ్గుతలేదు. స్వామికి కోపమొచ్చిందా? ఏం శాంతి చేయించాలె?" అని అడిగినది.

డెబ్బది దాటిన వాడను. జీవితమంతయు వేదాధ్యయనములోనే గడచినది. అయినను ఆ ప్రశ్నకు వెంటనే సమాధానము తోచలేదు. పిల్లవానిని ముందు వైద్యునికి చూపించుమని, మరునాడు రమ్మని చెప్పి పంపివేసినాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు మనసులో మెదలిన విషయములనే మీకు మనవి చేయుచున్నాను.

మొదట జ్ఞాపకము వచ్చినది ప్రశ్నోపనిషత్తు. అందు పిప్పలాద మహర్షిని ఆరుగురు జిజ్ఞాసువులు ఆరు ప్రశ్నలడుగుదురు. ఆరవవాడు భరద్వాజ గోత్రజుడైన సుకేశుడు. అతడు ప్రశ్న అడుగుటకు ముందు తనకు జరిగిన సంగతి ఒకటి చెప్పినాడు. కోసల దేశపు రాజపుత్రుడు హిరణ్యనాభుడు ఒకనాడు అతని వద్దకు వచ్చి, పదునారు కళలు గల పురుషుని ఎరుగుదువా అని అడిగినాడట. సుకేశుడు ఎరుగనని ఒప్పుకొనినాడు. తెలిసియుండిన చెప్పకుందునా అనినాడు. అనృతము పలికినవాడు వేరుతో కూడ ఎండిపోవును గావున అట్టి మాట తాను పలుకజాలననినాడు. రాజపుత్రుడు మారుమాట లేక రథమెక్కి వెళ్లిపోయినాడు.

ఈ కథను పాఠశాలలో చదువుకొన్ననాడు నా దృష్టి అంతయు ఆ పదునారు కళల మీదనే ఉండెడిది. ఇప్పుడు తలచుకొనిన వేరొకటి తోచుచున్నది. వచ్చినవాడు రాజపుత్రుడు. ఏదో ఒక సమాధానము చెప్పియుండిన సన్మానము జరిగెడిది. అతడు చెప్పలేదు. అడిగిన రాజపుత్రుడును కోపగింపలేదు, హేళన చేయలేదు. తెలియదను మాటను ఇద్దరును గౌరవించినారు. మన కాలమున ఎన్నికల సభలో నిలిచి, "అయ్యా, ఈ పని నా చేతిలో లేదు, ఇది ఐదేండ్లలో కాదు" అని పలికిన నాయకుని మీరెవరైన చూచినారా? ఒకవేళ ఎవడైన పలికిన, మనము వానిని రాజపుత్రుని వలె మౌనముగా గౌరవించెదమా, చేతకానివాడని నవ్వెదమా?

వేరుతో ఎండుట యనగా ఏమో మన జిల్లా రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. బత్తాయి తోటలో చెట్టుకు వేరు కుళ్లు పట్టిన నాడు ఆకు పచ్చగానే ఉండును. కాయ కూడ కొన్నాళ్లు నిలుచును. చూచువారికి చెట్టు బాగుగానే ఉన్నదనిపించును. అనృతము పలికిన పాలకుడు మరునాడే కూలిపోడు. కార్లు, దండలు, పదవులు పచ్చగానే కనబడును. కావుననే ఉపనిషత్తు కొమ్మల మాట చెప్పక వేరు మాట చెప్పినది.

మా పాఠశాలలో ఒక్క స్వరము తప్పిన ఆ పనసను మరల మొదటి నుండి చెప్పించెడివారు. అర్ధరాత్రి లేపి అడిగినను తప్పకూడదు. అంత పట్టుదల యెందుకని చిన్నతనమున విసుగు పుట్టెడిది. త్వష్ట కథ మీరు విన్నదే. ఇంద్రుని చంపు కొడుకు కావలెనని హోమము చేయుచు ఒక్క స్వరము తప్పి పలికినాడు. ఇంద్రుని చేత చచ్చు కొడుకు పుట్టినాడు. మాట పలికినవాని ఉద్దేశమును బట్టి గాక, పలికిన రీతిని బట్టి ఫలించినది. నేటి ఎన్నికల ప్రణాళికలు వ్రాయువారికి ఈ భయము లేదు. "పరిశీలించెదము" అను మాటను "చేసెదము" అను స్వరముతో పలికి, అధికారము వచ్చిన పిమ్మట మరల "పరిశీలించెదము" అను స్వరముతోనే చదువుదురు.

ఇక పాలకులు చేయు ప్రమాణము సంగతి. మన రాజ్యాంగమున మూడవ షెడ్యూలులో శాసనసభ్యులు, మంత్రులు చేయవలసిన ప్రమాణములు వ్రాయబడి ఉన్నవి. దైవసాక్షిగా చేయవచ్చును, దైవమును నమ్మనివారు ఆత్మసాక్షిగా చేయవచ్చును. మంత్రి అగువాడు భయము గాని పక్షపాతము గాని, రాగము గాని ద్వేషము గాని లేక అందరికి న్యాయము చేయుదునని పలుకవలెను. రాగద్వేషములు విడుచుట సన్న్యాసికే దుస్సాధ్యమని మన పెద్దలందురు. దానిని మంత్రుల చేత అర నిమిషములో పలికించుచున్నాము. పలికినవారు సంతకము చేసి, కెమెరాల వైపు తిరుగుదురు.

ఉపనిషత్కాలమున రాజు ఎట్లు ప్రమాణమిచ్చెడివాడో ఛాందోగ్యములో కలదు. ఐదుగురు గృహస్థులు, వారితో ఉద్దాలక ఆరుణి, వైశ్వానర విద్య కొరకు కేకయ రాజైన అశ్వపతి వద్దకు వెళ్లినారు. రాజు వారిని వేరువేరుగా పూజించినాడు. మరునాడు ఉదయమున, తన రాజ్యమున దొంగ లేడని, లోభి లేడని, మద్యపుడు లేడని, అగ్నిని ఆరాధింపనివాడు లేడని, అవిద్వాంసుడు లేడని, స్వైరుడు లేడని చెప్పి, ధనమిచ్చెదను, ఉండుడని కోరినాడు. రాజు ఇట్లు తన రాజ్యపు మంచిని తానే ఏల చెప్పుకొనవలసి వచ్చినది? శంకర భగవత్పాదులు భాష్యమున కారణము చూపినారు. వచ్చినవారు రాజిచ్చిన ధనమును నిరాకరించినారట. అప్పుడు రాజు, నాయందు వీరికేదో దోషము కనబడినది, కావుననే నా సొమ్ము ముట్టరైరి అని తలచి, తన పాలన శుద్ధమైనదని వారి ముందు చెప్పుకొనవలసిన వాడాయెను.

ఆలోచింపుడు. ఇచ్చువాడు రాజు, పుచ్చుకొనువారు గృహస్థులు. అయినను సంజాయిషీ చెప్పుకొనినది రాజు. వారు చేయి చాచి ఉండిన ఆ రాజు నోట ఆ మాట వచ్చెడిది కాదు. పాలకుని చేత సత్యము పలికించు బలము పుచ్చుకొనని చేతికి ఉన్నది. మద్యపుల సంగతి నేను ఎత్తను, ప్రభుత్వములకు ఆ రాబడి ఎంత ముఖ్యమో మీకు తెలిసినదే.

ఇది పురాణ కాలపు ముచ్చట యని కొట్టివేయకుడు. మన కండ్ల ముందు, మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే ఇట్టిది ఒకటి జరిగినది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పల్లెలలో ఫ్లోరైడు నీరు త్రాగి పండ్లు పసుపెక్కి, ఎముకలు వంగిపోయి, నడిమి వయస్సుననే నడుము ఎత్తలేని వారైన మనుష్యులను మీరందరు చూచియుందురు. ప్రతి ఎన్నికకు కృష్ణా జలము తెచ్చెదమని వచ్చినవారు వాగ్దానము చేయుట, గెలిచిన పిమ్మట మరచుట జరుగుచుండెడిది. 1996 లోక్‌సభ ఎన్నికలలో జలసాధన సమితి ఒక ఉపాయము చేసినది. నల్లగొండ స్థానమునకు బాధిత ప్రజల చేతనే నామినేషనులు వేయించినది. మొత్తము 480 మంది అభ్యర్థులైనారు! ఓటు పత్రము ఒక పుస్తకమంత అయినది. ఆనాడు ధరావతు 500 రూపాయలు. గెలువరని వారికి తెలియును, కొద్దిమందికి తప్ప అందరికి ఆ సొమ్ము పోయినది. తమకిచ్చిన మాట అబద్ధమైనదని దేశమునకు తెలుపుటకై, త్రాగు నీరు లేని పేదలు తమ చేతి సొమ్ము పోగొట్టుకొనినారు. వారు వాహనములు తగులబెట్టలేదు, ఎవరి తల పగులగొట్టలేదు. సత్యాగ్రహమను పదమునకు ఇంతకంటె తగిన ఉదాహరణము మన సీమలో నాకు కనబడదు.

ఆ తరువాత ఏమైనది? అదే సంవత్సరము చట్టము సవరించి లోక్‌సభ ధరావతును 10,000 రూపాయలకు పెంచినారు. నీరు మాత్రము అంత త్వరగా రాలేదు. శ్రీశైలము ఎడమగట్టు సొరంగము సంగతి మీకు తెలిసినదే. ప్రభుత్వములు మారినవి, గడువులు మారినవి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వద్ద ఆ సొరంగపు కప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకొనిపోయినారు. పని కొరకు పర రాష్ట్రముల నుండి వచ్చిన బిడ్డలు. వారిని తలచుకొని నమస్కరించి ముందుకు పోవుదము.

ఆ 1996 ఎన్నికలో గెలిచినవారు బొమ్మగాని ధర్మభిక్షము. సూర్యాపేటలో విద్యార్థులకు వసతిగృహము నడిపినవారు, గీత కార్మికులకు సంఘము కట్టినవారు. ఇక్కడ నేనొక మాట చెప్పవలెను. దేవాలయ సభలో ఇది చెప్పవచ్చునా యని కొందరికి సందేహము కలుగవచ్చును. మన తుంగతుర్తి చేరువనున్న కరివిరాల కొత్తగూడెమున పుట్టిన భీమిరెడ్డి నరసింహారెడ్డి మిర్యాలగూడ నుండి మూడు మార్లు లోక్‌సభకు వెళ్లినారు. ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యము 1978లోను 1983లోను మన తుంగతుర్తి నుండియే శాసనసభకు ఎన్నికైనారు. 2022 మార్చిలో ఆమె గతించినారు. భూస్వాముల ఇంట పుట్టి దొరల వెట్టికి ఎదురు నిలిచిన అన్నాచెల్లెండ్రు. వీరు దేవుని నమ్మినవారు కారు. మా వంటి వారి ఆచారములను మెచ్చినవారు కారు. వారు పట్టిన ఆయుధమును నేను మెచ్చను. వారి సిద్ధాంతమునకు నాకును చుక్కెదురు. అయినను ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను గదా. చెప్పిన మాట మీద నిలిచినారు. ఓడిననాడు గెలిచినవాని ఇంటికి పోలేదు. ఛాందోగ్యములో సత్యకాముడు తన తండ్రి గోత్రము తెలియదని ఉన్నది ఉన్నట్లు చెప్పినప్పుడు, గౌతముడు ఆ సత్యమునే చూచి ఉపనయనము చేసినాడు. ఆ గురువుగారు అడిగిన కొలత ఇది. మనమెందుకు వేరు కొలత పట్టవలెను?

పార్టీలు మారుట అను విద్యను అడ్డుటకు 1985లో రాజ్యాంగమునకు 52వ సవరణ చేసి పదవ షెడ్యూలు చేర్చినారు. మన రాష్ట్రమున 2019 జూన్‌లో కాంగ్రెసు శాసనసభ్యులు పన్నెండుగురు తెలంగాణ రాష్ట్ర సమితిలో విలీనమైనారు. 2023 ఎన్నికల పిమ్మట గాలి తిరిగినది. భారత రాష్ట్ర సమితి టిక్కెట్టు మీద గెలిచిన పదిమంది కాంగ్రెసు వైపు పోయినారను వివాదము సుప్రీంకోర్టు దాక వెళ్లి, మూడు నెలలలో తేల్చవలసినదని 2025 జూలై 31న కోర్టు స్పీకరునకు చెప్పవలసి వచ్చినది. ఏ పక్షమును నేను వేరు చేసి అనుట లేదు, ఆ అవకాశము వారు నాకు ఇవ్వలేదు. ఒకడు పోయిన దోషమట, మూడింట రెండు వంతులు కలిసి పోయిన విలీనమట. తప్పు చేయువారి సంఖ్య పెరిగిన తప్పు తొలగిపోవునను లెక్క నేను చదివిన ధర్మశాస్త్రములలో కనబడలేదు.

ఇతరుల మాట చాలును. నా మాట చెప్పెదను. కొన్ని ఏండ్ల క్రిందట ఎన్నికల ముందు ఒక నాయకుడు ఒక దేవాలయమునకు వచ్చినాడు. పేరు వద్దు. వెలుగుచున్న కర్పూరము మీద చేయి పెట్టి, ఈ చెరువునకు కాలువ నీరు తెత్తును, ఈ పార్టీని విడువను అని జనము ముందు పలికినాడు. పక్కన నిలిచి ఆశీర్వచనము చదివినవాడను నేను. గెలిచినాడు. ఏడాదిన్నర తిరుగకుండనే పార్టీ మారినాడు. నీరు రాలేదు. తరువాత కొత్త కండువాతో అదే గుడికి వచ్చినాడు. నేనేమి చేసినాను? అదే ఆశీర్వచనము, అదే స్వరముతో చదివినాను. సంభావన పుచ్చుకొనినాను. ఆనాడు నా స్వరము ఒక్కటి కూడ తప్పలేదు. సుకేశుని వలె ఒక్క మాట, కనీసము మౌనము, నాకు చేతకాలేదు. ఇంటికి వచ్చి భోజనము చేసి పడుకొనినాను. నిద్ర కూడ పట్టినది. ముసలమ్మ వచ్చిన రాత్రి మాత్రము పట్టలేదు.

ఎందుకనగా ఆమె ఇచ్చిన ఒట్టును, ఆ నాయకుడు చేసిన ప్రమాణమును ప్రక్క ప్రక్కన పెట్టి చూచినాను. అతడు కర్పూరము మీద చేయి పెట్టి మరచినాడు. ఆమె పటము మీద చేయి పెట్టి పదిహేను దినములుగా కుమిలిపోవుచున్నది. సత్యము లోకమున నశించినదని మనమందుము. నశింపలేదు. పేదవాని ఇంట ఇంకను ఉన్నది. ఉన్నదని తెలిసియే ఓటు కొనువాడు అక్కడకు దేవుని పటము పట్టుకొని వచ్చుచున్నాడు. తనకు లేని భయమును ఎదుటివానియందు పెట్టుబడిగా వాడుకొనుచున్నాడు. 1996లో 500 రూపాయలు సామాన్యుని చేతి నుండి వెళ్లినవి. 2022 నవంబరులో అదే జిల్లా మునుగోడు ఉప ఎన్నిక నాటికి నోట్లు నాయకుని నుండి ఓటరు చేతికి వచ్చుచున్నవి. తమకు ముట్టలేదని ఓటర్లు బహిరంగముగా నిలదీసినట్లు పత్రికలలో వచ్చినది. అశ్వపతి ముందు చేయి చాచనివారికి ఉన్న బలము ఇక్కడ ఎట్లు జారిపోయినదో చూడుడు.

ఒక న్యాయవాది మిత్రుడు నాకు చెప్పిన సంగతి మీకును చెప్పవలెను. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ సెక్షను ప్రకారము ఓటునకు లంచమిచ్చుట అక్రమము. అంతే గాదు, ఓటు వేయకున్న దైవాగ్రహమునకు గురియగుదువని ఓటరును నమ్మించుట కూడ అదే సెక్షనులో అక్రమముగా చెప్పబడినది. దేవుని పేరు చెప్పి భయపెట్టకుడని మతముతో పని లేని చట్టము చెప్పుచున్నది. మేము గుడిలో కర్పూరము వెలిగించి పళ్లెము అందించుచున్నాము.

మరునాడు అవ్వ వచ్చినది. మహాభారతము కర్ణపర్వములోని కథ ఆమెకు చెప్పినాను. గాండీవమును నిందించిన వారిని చంపెదనని అర్జునునకు వ్రతము. ధర్మరాజే నిందించినాడు. కత్తి దూసిన అర్జునునితో కృష్ణుడు, సత్యమే పలుకుదునని దారి చూపి అమాయకులను దొంగలకు పట్టించి నరకమునకు పోయిన కౌశికుని కథ చెప్పినాడు. అధర్మము చేయించు ఒట్టు ఒట్టు కాదమ్మా, నీ ఓటు రహస్యము, అది నీ ఇష్టము, ఆ ఒట్టు నిన్ను కట్టదు అని చెప్పినాను. నరసింహస్వామి పసివాని మొర విని స్తంభము చీల్చుకొని వచ్చినవాడు, పసివానిని బాధించుటకు వచ్చువాడు కాడు, జ్వరమునకు ఒట్టుకు సంబంధము లేదని చెప్పినాను. ఆమె కన్నీరు పెట్టుకొనినది. వైద్యుని మందుతో పిల్లవాని జ్వరము నాలుగు దినములలో తగ్గినది.

అయితే, సొమ్ము తీసికొనుట మాత్రము తప్పే గదా యని అన్నాను. నేర్చిన ధర్మము చెప్పకుండ ఉండలేకపోతిని. ఆమె తలెత్తి, "తీసుకోకుంటే అవతలోళ్ల మనిషి అని రాసుకుంటరు అయ్యగారూ. రేపు పింఛను ఆగితే ఎవరిని అడగాలె?" అనినది. ధర్మశాస్త్రమున ఆపద్ధర్మమని ఒక ప్రకరణము కలదు. దుర్భిక్షమునకు, యుద్ధమునకు వ్రాసినది. ఓటరు జాబితా పట్టుకొని ఇంటింటికి తిరుగువాని వలన కలుగు ఆపదకు కూడ అది వర్తించునని నాకు ఆ క్షణమున తోచినది.

ఆమె కొంగు ముడి విప్పి, మిగిలిన నోట్లు హుండీలో వేసెదననినది. వలదన్నాను. ఆ గృహస్థులు రాజు సొమ్మునే ముట్టలేదు, దేవునికి ఈ సొమ్మెందుకు? ఇచ్చినవారికి తిరిగి ఇమ్మనుటకు నాకు నోరు రాలేదు, ఆమె పింఛను సంగతి అప్పుడే వినియుంటిని. మనుమని మందులకు వాడుకొమ్మని చెప్పినాను. ఇది సరియైన తీర్పో కాదో ఈ సభలోని పెద్దలు విచారింపవలెను. నాకు పూర్తి నిశ్చయము లేదు.

నిశ్చయమైనది ఒకటున్నది. ఈ సంగతి అంతయు ధర్మకర్తలకు మనవి చేయగా వారు అంగీకరించినారు. ఇక మీదట ఎన్నికల ప్రకటన వెలువడిన నాటి నుండి పోలింగు ముగియు వరకు ఈ దేవాలయ మండపమున ఏ అభ్యర్థి చేతను కర్పూర ప్రమాణము చేయింపబడదు. ఏ పక్షమువారికిని వేదికపై ఆశీర్వచనము, శాలువ ఉండవు. అందరివలెనే వరుసలో నిలిచి, గోత్రనామములు చెప్పి అర్చన చేయించుకొని పోవచ్చును. ఆ దినములలో వచ్చు విరాళములు స్వీకరింపబడవు. నేను బ్రతికియున్నంత కాలము దీనిని తప్పను. తప్పిననాడు అడుగుటకు మీరందరు సాక్షులు.

స్వస్తి.